కరివేపాకు కుండీలో ఒహాయో గడ్డి

నవంబరు ఆఖరి శనివారం మధ్యాహ్నం మా బావ ఫోన్ ఎత్తడు. అక్కకి చేస్తే, "మీ బావ టీవీ ముందున్నారు, నేను వంటింట్లో ఉన్నాను, నన్ను స్కోరు అడక్కు" అని పెట్టేస్తుంది. ఆ రోజు ఒహాయో స్టేట్‌కీ మిషిగన్‌కీ ఫుట్‌బాల్ మ్యాచ్. బావ చదివింది మిషిగన్ యూనివర్సిటీలో, నేను చదివింది ఒహాయో స్టేట్‌లో. మిగతా రోజుల్లో కారు ఇన్సూరెన్స్ దగ్గర్నుంచి మా పాప చెవిపోటు దాకా ఏదొచ్చినా ముందు ఆయనకే ఫోన్ చేస్తాను. ఆ ఒక్కరోజు మాత్రం ఎవరి టీవీ ముందు వాళ్లం.

ఇన్నేళ్లలో ఇద్దరం అన్నీ చూశాం. ఏళ్ల తరబడి మేమే గెలిచిన రోజులు చూశాం. 2020లో కోవిడ్ వల్ల మ్యాచే జరక్కపోతే, ఆ శనివారం ఏం చేయాలో తోచక ఇద్దరం గంటన్నర ఫోన్లో మావిడికాయ పచ్చడి గురించి మాట్లాడుకున్నాం. 2021 నుంచి 2024 దాకా వరసగా నాలుగుసార్లు వాళ్లు గెలిచారు. 2024లో అయితే మా గడ్డ మీదే 13-10తో ఓడాం, ఆ తర్వాత జనవరిలో మేమే జాతీయ ఛాంపియన్లమయ్యాం. అప్పుడు బావ మెసేజ్ పెట్టాడు: "కప్పు మీకు, మ్యాచ్ మాకు. ఎవరు లాభపడ్డారో నువ్వే చెప్పు." ఒహాయో వాళ్లని ఎవర్నడిగినా దీనికి వెంటనే జవాబు చెప్పలేరు. నేనూ చెప్పలేకపోయాను.

ఇవన్నీ తర్వాతి సంగతులు. నా మనసులో మ్యాచ్ అంటే 2006దే.

2005 ఆగస్టులో ఎమ్మెస్ చేయడానికి ఒహాయో స్టేట్ ఉన్న కొలంబస్ వచ్చాను. అప్పటికే అక్కా బావా మిషిగన్ రాష్ట్రంలో డెట్రాయిట్ పక్కన ఉండేవాళ్లు. "అక్క మూడు గంటల దూరంలోనే ఉంది, ఇంక భయమేముంది" అని అమ్మ తెనాలిలో కనబడ్డవాళ్లందరికీ చెప్పుకుంది. బావ మాత్రం నాకు ఒహాయో స్టేట్‌లో అడ్మిషన్ వచ్చిందని చెప్పగానే ఫోన్లో ఒక్క క్షణం ఆగి, "ఇంకెక్కడా రాలేదా?" అన్నాడు. ర్యాంకు తక్కువ కాలేజీయేమో, తొందరపడి ఒప్పేసుకున్నానేమో అని రెండు రాత్రులు నాకు నిద్ర లేదు.

గొడవ ర్యాంకుది కాదని కొలంబస్ వచ్చిన నెలకి తెలిసింది. ఓ శనివారం పొద్దున లైబ్రరీకి బయల్దేరాను. హై స్ట్రీట్ మీద ఎవర్ని చూసినా ఎర్ర చొక్కా. పసిపిల్లలు, ముసలమ్మలు, కుక్కలకి కూడా ఎర్ర చొక్కాలు. ఎవడో అటునుంచి "ఓ-హెచ్!" అని అరిచాడు. నన్నే అనుకుని ఆగాను. నా వెనకనుంచి ఇంకెవరో "ఐ-ఓ!" అని జవాబిచ్చారు. రెండూ కలిపితే ఒహాయో స్పెల్లింగు. ఆ మాట తెలియకుండా ఆ ఊళ్లో బతకడం కష్టం. మన దగ్గర కాలేజీల పోటీ అంటే ర్యాంకులు, పేపర్లో ఫొటోలు, ఊరంతా ఫ్లెక్సీలు. చదువైపోయి నలభై ఏళ్లు దాటిన ముసలాయన కాలేజీ పిల్లల ఆట చూడ్డానికి మనవణ్ణి చంకనేసుకుని రావడం నాకు కొత్త.

ఆట కూడా కొత్తే. పేరుకి ఫుట్‌బాల్ గానీ కాలితో తన్నేది తక్కువ, చేత్తో పట్టుకుని పరిగెత్తేది ఎక్కువ. నాకు అది ఎక్కేలా చెప్పింది బావే. "ఒరేయ్, నీకు స్థలాలు తెలుసుగా. మైదానం నిడివి వంద గజాలు. నాలుగు ఛాన్సుల్లో పది గజాలు ఆక్రమించాలి. ఆక్రమిస్తే మళ్లీ నాలుగు ఛాన్సులు. లేకపోతే భూమి అవతలివాడికి అప్పజెప్పాలి. అంతే, రియల్ ఎస్టేట్." గుంటూరు జిల్లావాడికి ఇంతకంటే తేలిగ్గా ఎవరూ చెప్పలేరు.

ఇంకో వింత ఏమిటంటే, కొలంబస్‌లో చాలామంది మిషిగన్ పేరెత్తరు. ఒహాయో స్టేట్ పాత కోచ్ ఉడీ హేస్ పెట్టిన అలవాటు ఇది. "ఆ ఉత్తరాన ఉన్న టీమ్" అంటారు. మా అమ్మమ్మ కూడా మా తాతయ్య పేరు ఎప్పుడూ పలకలేదు, రేషన్ కార్డు కోసం అడిగినా పక్కనున్న పిల్లల్ని చెప్పమనేది. కోపంతో పలకనిదీ, గౌరవంతో పలకనిదీ వినేవాడికి ఒక్కలాగే వినిపిస్తాయి.

ఆ ఏడాది థాంక్స్ గివింగ్‌కి గ్రేహౌండ్ బస్సులో ఒహాయో సరిహద్దులో ఉన్న టొలీడో దాకా వెళ్లాను. బావ కారేసుకుని అక్కడికొచ్చాడు, అక్క కూడా వచ్చింది. అంతకు ముందు శనివారమే మేం మిషిగన్ యూనివర్సిటీ ఉన్న వాళ్ల యాన్ ఆర్బర్‌లో 25-21తో గెలిచాం. దాని గురించి బావ ఒక్క ముక్క ఎత్తలేదు. కారు ఎక్కగానే పెట్రోల్ ముల్లు ఎర్ర గీత మీద ఉండటం చూశాను. "బావా, ఇక్కడే పోయించుకుందామా?" అన్నాను.

"ఒహాయోలో పోయించను."

"ఏమండీ, మొన్న కూడా ఇలాగే చేశారు. దార్లో ఆగిపోతే నేను దిగి తొయ్యను" అంది అక్క.

బావ ఏసీ కట్టేసి, రేడియో కట్టేసి, యాభై దాటకుండా నడిపాడు. మిషిగన్ సరిహద్దు దాటి మొదటి బంకు కనపడేదాకా కారులో ఎవరం మాట్లాడలేదు. తర్వాత నాకు తెలిసిందేమిటంటే, ఉడీ హేస్ గురించి ఒహాయోలో అచ్చం ఇలాంటి కథే చెప్పుకుంటారు. మిషిగన్ నుంచి తిరిగొస్తుంటే పెట్రోల్ అయిపోవచ్చిందట. ఆ రాష్ట్రానికి ఒక్క పైసా ఇవ్వను, కావాలంటే సరిహద్దు దాకా కారు తోసుకుంటూ పోదాం అన్నాడట. నిజమో కాదో గానీ మా బావ తనకి తెలియకుండానే ఉడీ హేస్ శిష్యుడయ్యాడు. ఆ మాట అన్నాను కూడా. ఆ పూట గుమ్మడికాయ పులుసు నా కంచంలోకి రాలేదు.

బంకు దగ్గర ఆగినప్పుడు టొలీడో యుద్ధం గురించి చెప్పాడు. 1835లో ఆ ఊరు ఎవరిదని ఒహాయోకీ, అప్పటికింకా రాష్ట్రం కూడా కాని మిషిగన్‌కీ తగాదా వచ్చింది. అచ్చం గట్టు తగాదాలే. కొలతలు తీసినవాళ్లు గీసిన గీత ఒకటి, కాగితంలో రాసింది ఇంకొకటి. రెండువైపులా సైన్యాలు కదిలాయి గానీ చచ్చినవాళ్లు లేరు. మిషిగన్ మనిషి ఒకడికి కత్తిపోటు తగిలింది, బతికాడు. చివరికి టొలీడో ఒహాయోకి పోయింది. దాని బదులు మిషిగన్‌కి పైన సరస్సుల అవతల ఎవరికీ అక్కర్లేని అడవి ఇచ్చి, 1837లో రాష్ట్రం చేశారు. ఆ అడవిలోనే తర్వాత రాగి, ఇనుము గనులు బయటపడ్డాయి. "ఎవరు మోసపోయినట్టు?" అని బావ నవ్వాడు. ఈ ఫుట్‌బాల్ పగకి మూలం అదేనని చాలామంది రాస్తారు. నాకంత నమ్మకం లేదు. రెండు కాలేజీలూ మొదటిసారి ఆడింది 1897లో, అప్పుడు మిషిగన్ 34-0తో గెలిచింది. అప్పటికి గట్టు తగాదా గుర్తున్నవాళ్లు ఎంతమంది బతికుంటారు?

అసలు పగ గురుశిష్యులది. ఆ కథ చెప్పేటప్పుడు బావ గొంతు మారుతుంది. బో షెంబెక్లర్ పుట్టింది ఒహాయోలోనే, బార్బర్టన్ అనే ఊళ్లో. ఒహాయో స్టేట్‌లోనే పైచదువు చదివాడు, ఉడీ హేస్ దగ్గరే అసిస్టెంట్‌గా పనిచేశాడు. 1969లో మిషిగన్‌కి కోచ్‌గా వెళ్లాడు. ఆ మొదటి ఏడాదే, అంతదాకా ఓటమి ఎరగని గురువుగారి జట్టుని 24-12తో ఓడించాడు. అక్కణ్ణుంచి 1978 దాకా పదేళ్లు ఇద్దరూ ఎదురెదురుగా నిలబడ్డారు. బో అయిదు గెలిచాడు, ఉడీ నాలుగు, ఒకటి సమానం. "ద్రోణుడికి ఎదురు నిలబడ్డ అర్జునుడురా" అనేవాడు బావ. మరి ద్రోణుణ్ణి కౌరవుల పక్షాన పెట్టింది మీరే కదా అంటే ఒప్పుకునేవాడు కాదు.

2006లో రెండు జట్లూ ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా నవంబరు దాకా వచ్చేశాయి. పదకొండుకి పదకొండు. మేం దేశంలో నంబర్ వన్, వాళ్లు నంబర్ టూ. ఈ రెండు జట్లూ ఒకటీ రెండూ స్థానాల్లో ఉండి ఎదురుపడటం అదే మొదటిసారి. నవంబరు 18, మా స్టేడియంలో.

నా దగ్గర టికెట్ ఉంది. సీజన్ మొదట్లో విద్యార్థులకి ఇచ్చే టికెట్ల కట్ట నేనూ కొన్నాను. అమ్మేశాను. ఈ ముక్క రాయడానికి ఇప్పటికీ చెయ్యి ఆడదు. ల్యాబ్‌లో నా పక్కన కూర్చునే క్లీవ్‌లాండ్ అబ్బాయి వాళ్ల నాన్న కోసం అడిగాడు. ఆయన చిన్నప్పట్నుంచీ రేడియోలో విని, టీవీలో చూసిన మనిషే తప్ప ఈ మ్యాచ్‌కి లోపలికి వెళ్లింది లేదట. అబ్బాయి చెప్పిన ధర నా వాటా అద్దె రెండు నెలలకి సరిపోతుంది. అప్పుడు నాకు డాలరంటే నలభై అయిదు రూపాయలు. లెక్క వేసుకుని ఇచ్చేశాను. బావకి చెప్తే, "మిషిగన్‌వాణ్ణి నేనే సిగ్గుపడుతున్నానురా" అన్నాడు.

శుక్రవారం మధ్యాహ్నం బావ ఫోన్ చేశాడు. పనిరోజు ఆ టైముకి చేసే మనిషి కాదు. ఇండియాలో ఎవరికన్నా బాగాలేదేమోనని గుండె ఝల్లుమంది.

"బో పోయాడురా" అన్నాడు.

నాకు వెంటనే అర్థం కాలేదు. ఆ పొద్దున టీవీ స్టూడియోలో కుప్పకూలాడట. 77 ఏళ్లు. మ్యాచ్‌కి ముందురోజు.

"మీరు ఆయన్ని చూశారా బావా ఎప్పుడైనా?"

"లేదురా. నేను యాన్ ఆర్బర్ వచ్చేసరికే ఆయన కోచింగ్ మానేసి నాలుగేళ్లయింది." కాసేపు ఊరుకున్నాడు. "వచ్చిన కొత్తలో నాకు ఇక్కడ ఒక్క మనిషీ తెలీదు. బస్టాప్‌లో నిలబడితే ఎవరో ఒకరు ఆయన గురించి చెప్పేవాళ్లు. అలా మాటలు కలిసేవి."

పెట్టేస్తాను అని పెట్టేశాడు. రేపు మ్యాచ్ అన్న మాట ఇద్దరం ఎత్తలేదు.

మా అపార్ట్‌మెంట్ లేన్ అవెన్యూ పక్క సందులో. స్టేడియానికి పదిహేను నిమిషాల నడక. మూడున్నరకి మ్యాచ్ అయితే పొద్దున ఎనిమిదింటికే సందులో బొగ్గుల పొయ్యిల పొగ. నలుగురం తెలుగువాళ్లం ఒకే ఇంట్లో, ఒకే టీవీ. వరంగల్ తమ్ముడు కోడిపులుసు పెట్టాడు. మ్యాచ్ మొదలయ్యే ముందు బో గుర్తుగా స్టేడియంలో మౌనం పాటించారు. లక్షా అయిదు వేల పైచిలుకు జనం. మా తెనాలి జనంలో సగానికి పైగా ఒకచోట కూర్చుని నోరు మెదపకపోతే ఎలా ఉంటుందో ఊహించుకోండి. మేం కుక్కర్ కింద మంట తగ్గించాం.

ఆట మొదలైన కాసేపటికి గమనించాం, టీవీలో బొమ్మ నాలుగైదు సెకన్లు ఆలస్యంగా వస్తోంది. స్టేడియంలో హోరు మాత్రం కిటికీలోంచి ఎప్పటిదప్పుడు వస్తోంది. టీవీలో బంతి ఇంకా మా జట్టుని నడిపించే క్వార్టర్‌బ్యాక్ ట్రాయ్ స్మిత్ చేతిలోనే ఉంటుంది, బయట లక్షమంది గొంతు లేస్తుంది. అంటే టచ్‌డౌన్, బంతి అవతలివాళ్ల చివరి గీత దాటిందని. ఏమీ వినపడకపోతే పని జరగలేదని. చలిలో కిటికీ బార్లా తెరిచి, దుప్పట్లు కప్పుకుని, టీవీకి వీపు పెట్టి కిటికీ వైపు కూర్చున్నాం. మొదట వాళ్లు 7-0 ఆధిక్యంలోకి వెళ్లారు. సగం ఆటకి 28-14 మాది. తర్వాత వాళ్లు 28-24 దాకా తరుముకొచ్చారు. వీధిలో అంత నిశ్శబ్దం నేను ఆ ఊళ్లో ఇంకెప్పుడూ వినలేదు.

ఆఖరి పావులో ఓ ఘట్టం ఉంది. మూడో ఛాన్సు, పదిహేను గజాలు కావాలి. బంతి విసిరేసి గీత దాటిపోతున్న ట్రాయ్ స్మిత్‌ని మిషిగన్‌వాడు హెల్మెట్‌కి హెల్మెట్ తగిలేలా గుద్దాడు. పసుపు జెండా పడింది. ఉచితంగా పదిహేను గజాలు, మళ్లీ కొత్త ఛాన్సులు, అక్కణ్ణుంచి టచ్‌డౌన్. ఆ జెండా గురించి మా బావ వాదన ఇప్పటికి కొన్ని వందల గంటలు విని ఉంటాను. నిజం చెప్పాలంటే అది ఫౌలే. ఆయనకీ తెలుసు.

రెండు నిమిషాల పదహారు సెకన్లు ఉందనగా 42-39, మాదే పైచెయ్యి. వాళ్లు చిన్న కిక్ కొట్టి బంతి మళ్లీ దక్కించుకోవాలి. ఆ ఒక్కసారి నలుగురం లేచి కిటికీ దగ్గర నిలబడ్డాం. టీవీ వెనక ఏదో వాగుతోంది. తర్వాత ఆ హోరు వచ్చింది. కిటికీ అద్దం మీద వేలు పెడితే గజగజమంటోంది. వెనక్కి తిరిగి చూస్తే టీవీలో కిక్ కొట్టేవాడు ఇంకా పరిగెత్తుకొస్తున్నాడు.

ఆ సాయంత్రం ఒహాయో లాటరీలో నాలుగంకెల ఆటకి వచ్చిన నంబరు 4-2-3-9. అబద్ధం కాదు. స్కోరు మీద సరదాగా పందెం కాసిన జనాలకి డబ్బే డబ్బు. నేను టికెట్ అమ్ముకున్న డబ్బులో ఒక్క డాలరు పెట్టి ఉంటేనా అని వరంగల్ తమ్ముడు రాత్రంతా నన్ను తిన్నాడు.

సోమవారం ల్యాబ్‌కి వెళ్తే నా కీబోర్డ్ పక్కన పేపర్ నాప్‌కిన్‌లో చుట్టిన ముద్ద ఒకటి ఉంది. విప్పితే అరచేతి మందాన మట్టి, పైన గడ్డి. వేళ్లు తెల్లగా, సన్నగా, కింద అల్లుకుని ఉన్నాయి. మ్యాచ్ అవగానే జనం మైదానంలోకి దూకి గడ్డి పెళ్లగించుకుపోయారని చదివాను గానీ, అందులో ముక్క నా బల్ల మీదకొస్తుందనుకోలేదు. క్లీవ్‌లాండ్ అబ్బాయి అన్నాడు, "మా నాన్న పంపాడు. మోకాళ్ల మీద కూర్చుని జేబుకత్తితో కోశాడు. ఇది నీ వాటా, నీకే ఇమ్మన్నాడు."

పెరుగు డబ్బా కడిగి, అడుగున చిల్లులు పెట్టి, అందులో పెట్టాను. గురువారం థాంక్స్ గివింగ్. ఒళ్లో డబ్బాతో గ్రేహౌండ్ ఎక్కాను. టొలీడోలో బావ నా చేతిలో డబ్బా చూసి, "అక్క కోసం మొక్కా?" అన్నాడు. చెప్పాను. మనిషి కారు తలుపు మీద చెయ్యి పెట్టి అలాగే నిలబడిపోయాడు.

"అది నా కారెక్కదు."

ఎక్కింది. ఒళ్లో పెట్టుకోమని అక్క పోరితే నా ఒళ్లోనే ఎక్కింది. ఇంటికెళ్లాక చెత్తబుట్టలో వెయ్యబోయాడు. అక్క లాక్కుంది. "పచ్చగా ఉన్నదాన్ని పారేస్తారా ఎవరన్నా" అని, హాల్లో కిటికీ దగ్గర తను ప్రాణంలా చూసుకునే కరివేపాకు కుండీలో ఓ మూల గుంట తీసి పాతేసింది. డెట్రాయిట్ చలిలో కరివేపాకు బతికించడం అంటే పసిబిడ్డని పెంచడమే. ఆ కుండీలో చోటిచ్చిందంటే నాకే ఆశ్చర్యమేసింది. బావ ఆ రెండు రోజులూ సోఫాలో ఆ కిటికీకి అటువైపు తిరిగి కూర్చున్నాడు.

జనవరిలో ఇద్దరి పరువూ పోయింది. మిషిగన్ రోజ్ బౌల్ అనే పెద్ద మ్యాచ్‌లో ఓడింది. వారానికి మేం ఛాంపియన్‌షిప్ మ్యాచ్‌లో ఫ్లోరిడా చేతిలో 41-14తో ఓడాం. మొదటి కిక్‌నే మా టెడ్ గిన్ టచ్‌డౌన్ దాకా తీసుకెళ్లాడు. ఆ సంబరంలో జట్టువాళ్లే మీద పడి అతని కాలు దెబ్బతింది, ఆ మ్యాచ్ మధ్యలోనే బయటికెళ్లిపోయాడు. ఎగతాళి చేస్తాడేమోనని ఫోన్ ఆపేసి పడుకున్నాను. పొద్దున చూస్తే బావ మెసేజ్ ఒకటే ఉంది, "తిన్నావా?" అని.

ఫిబ్రవరిలో కరివేపాకు ఆకులన్నీ రాల్చేసింది. గడ్డి మాత్రం ఏపుగా పెరుగుతోందని అక్క చెప్పేది. ఎవరు కత్తిరిస్తున్నారే అంటే నవ్వేది.

ఆ ఎండాకాలం మా స్టేడియంలో పచ్చగడ్డి మొత్తం తీసేసి కృత్రిమ టర్ఫ్ పరిచారు. నేను ఆ వార్త చదివి బావకి ఫోన్ చేశాను. విని, కాసేపు ఏమీ అనలేదు.

"అయితే అక్కడిప్పుడంతా ప్లాస్టిక్కేనా?"

"అవును బావా."

"ఒరేయ్, ఒహాయో స్టేడియం గడ్డి చూడాలంటే ఇంక ఎవడైనా మిషిగన్ రావాల్సిందేగా!"

ఆ నవ్వు ఫోన్లోంచి ఎంతసేపటికీ ఆగలేదు. వెనకనుంచి అక్క గొంతు వినపడింది: "ఏమండీ, నవ్వింది చాల్లే గానీ, దానికి ఇవాళ నీళ్లు పోశారా?"